మైసీనే కోటకు 45 నిమిషాలు చాలా? (ఏథెన్స్ నుంచి ఒక్కరోజు ప్లాన్)

కృష్ణాతీరం
అక్టోబర్ మొదటి వారంలో గ్రీసు వెళ్తున్నాం. ఏథెన్స్ నుంచి ఒక్కరోజు టూర్ వాళ్లు పంపిన షెడ్యూల్ చూస్తే ఒళ్లు మండింది. పొద్దున 8కి బయల్దేరడం, కోరింత్ కాలువ దగ్గర 20 నిమిషాలు, మైసీనే కోట 45 నిమిషాలు, మధ్యలో ఒక కుండల దుకాణం 40 నిమిషాలు, నాఫ్లియోలో భోజనం, ఎపిడారస్ నాటకశాల గంట, రాత్రికి వెనక్కి. మూడు వేల ఏళ్ల పైబడిన కోటకీ కుండలు కొనడానికీ దాదాపు ఒకే టైమా? నలుగురం. అందులో ఇద్దరు 65 దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. సొంతంగా వెళ్తే ఎలా వెళ్లాలి, ఎంతసేపు పెట్టుకోవాలి, పెద్దవాళ్లు ఎంతవరకు ఎక్కగలరు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గోడలపిచ్చి
45 నిమిషాలంటే సింహద్వారం ముందు ఫొటో దిగి, సమాధుల వలయంలోకి (సమాధి గుంటలున్న గుండ్రటి ఆవరణ) తొంగిచూసి తిరిగి బస్సెక్కడమే. లెక్క మీరే వేసుకోండి. బస్సు దిగి టికెట్ చూపించి లోపలికి రావడానికి 10 నిమిషాలు. సింహద్వారం నుంచి పైన రాజప్రాసాదం దాకా ఎక్కడా ఆగకపోతే పావుగంట. అక్కణ్నుంచి ఈశాన్య మూలన ఉన్న భూగర్భ నీటితొట్టికి 10. ఉత్తర ద్వారం మీదుగా దిగి మ్యూజియంకి ఇంకో 10. నడకకే టైం అయిపోయింది, ఒక్క రాయి దగ్గర కూడా నిలబడలేదు. పైగా అట్రియస్ ఖజానా అనే రాతి గుమ్మటం కోట లోపల ఉండదు, కోటకి అర కిలోమీటరు ముందే రోడ్డు పక్కన ఉంటుంది.

నా లెక్క: కోటకి 2 గంటలు, మ్యూజియంకి 45 నిమిషాలు, అట్రియస్‌కి అరగంట. ఆ టూర్ వద్దు. ఎపిడారస్ కూడా ఆ రోజుకి వదిలేయండి.

ఆర్కెస్ట్రా_మధ్యలో
ఎపిడారస్ వదిలేయమనడం అన్యాయం. క్రీ.పూ. 4వ శతాబ్దపు నాటకశాల, కింద 34 వరసలు, పైన 21 వరసలు, మధ్యలో నిలబడి మెల్లగా మాట్లాడినా పైకి వినిపిస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కింది వరసలో కూర్చుని కూడా మొత్తం చూడొచ్చు. కొండ కోట ఎక్కలేనివాళ్లకి అదే మేలు కదా.

గోడలపిచ్చి
ఆర్కెస్ట్రా గారూ, నాటకశాల గొప్పదే, కాదనను. కానీ మైసీనే నుంచి నాఫ్లియో 25 కి.మీ. లోపు, అక్కణ్నుంచి ఎపిడారస్ ఇంకో 30 కి.మీ. దాకా. ఏథెన్స్ నుంచి రానూపోనూ ఒకే రోజులో ఇవన్నీ కలిపితే మళ్లీ అదే టూర్ షెడ్యూల్ తయారవుతుంది. అదే కాలం నాటి రెండో కోట టిరిన్స్, నాఫ్లియోకి 4 కి.మీ. మాత్రమే. 1999లో యునెస్కో ఈ రెంటినీ కలిపే వారసత్వ జాబితాలో చేర్చింది. మైసీనే, టిరిన్స్ కలిపి చూస్తే ఒకదానితో ఒకటి అర్థమవుతాయి. ఎపిడారస్ దానికి దాదాపు వెయ్యేళ్ల తర్వాతి ప్రపంచం.

నాఫ్లియో_మేడ
ఇద్దరిదీ నిజమే, అందుకే నాఫ్లియోలో ఒక రాత్రి ఉండండి. మొదటి రోజు మైసీనే, సాయంత్రం టిరిన్స్. రెండో రోజు పొద్దున ఎపిడారస్, అటునుంచి ఏథెన్స్. గొడవే లేదు.

బస్సుకిటికీ
బస్సు సంగతి నేను చెప్తా. ఏథెన్స్‌లో కిఫిసోస్ బస్ స్టేషన్ నుంచి అర్గోలిదా కేటెల్ అనే బస్సు సంస్థ వాళ్ల నాఫ్లియో బస్సు ఎక్కాలి. అది కోరింత్ మీదుగా అర్గోస్ వెళ్తుంది. మైసీనే దగ్గరికి పోదు, మెయిన్ రోడ్డు మీద ఫిఖ్తి అనే ఊళ్లో దింపుతుంది. ఎక్కేటప్పుడే డ్రైవర్‌కి "ఫిఖ్తి" అని చెప్పి పెట్టుకోండి, అడక్కపోతే ఆపకుండా పోయే అవకాశం ఉంది. అక్కణ్నుంచి కోట 4 కి.మీ., చివర్లో ఎగువ. పెద్దవాళ్లతో నడవొద్దు, టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. ఫిఖ్తిలో టాక్సీ మనకోసం కాచుకుని ఉండదు.

నాఫ్లియో నుంచి అయితే నేరుగా కోట దాకా బస్సు ఉంది, రోజుకి కొన్నే. ఆదివారం ఇంకా తక్కువ. తిరుగు బస్సు టైం చూసుకున్నాకే టికెట్ గేటు దాటండి. బోర్డుల మీద "మికీనెస్" అని ఉంటుంది, అది మైసీనే గ్రీకు పేరే, కంగారు పడొద్దు.

పాత గైడు పుస్తకాల్లో రైలు కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. ఆ చిన్నగేజి లైను 2011లో ఆగిపోయింది.

స్టీరింగ్_నాదే
నలుగురంటే కారే లాభం. ఏథెన్స్ నుంచి సుమారు 120 కి.మీ., గంటన్నర. కోరింత్ దాటాక త్రిపోలి వైపు మోటార్‌వే పట్టుకుని, నెమియా దగ్గర దిగి, దెర్వెనాకియా మీదుగా ఫిఖ్తి. టోల్ గేట్లు కొన్ని తగులుతాయి, చిల్లర యూరోలు చేతిలో ఉంచుకోండి, కార్డు కూడా తీసుకుంటారు. మన ఇండియా లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. ఆర్‌టీఓలో ముందే చేయించుకోవాలి, గ్రీసు వెళ్లాక దొరకదు. చాలామంది కారు బుక్ చేసి అక్కడ కౌంటర్ దగ్గర ఆగిపోయేది దీనికే. ఇంకోటి, చవక కార్లన్నీ మాన్యువల్ గేర్లు, బండి నడిపేది కుడి వైపు. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి.

కృష్ణాతీరం
నాఫ్లియో_మేడ గారి మాటే బాగుంది, ఒక రాత్రి ఉంటాం. కారు తీసుకుంటాం. ఇక మోకాళ్ల సంగతి?

మెట్లబావి
కోట కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి 280 మీటర్ల లోపే, పైగా పార్కింగ్ అప్పటికే చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి మనం నిజంగా ఎక్కేది కొంచెమే. ఇబ్బంది ఎత్తుతో కాదు, నేలతో.

టికెట్ గేటు నుంచి సింహద్వారం దాకా గతుకుల్లేని బాట, వాలు మాత్రం ఉంటుంది. పెద్దవాళ్లు మెల్లగా రాగలరు. ద్వారం దాటగానే కుడి పక్కన సమాధుల వలయం, అదీ చూడగలరు. అక్కణ్నుంచి ప్రాసాదానికి ఎక్కే బాటలో ఎగుడుదిగుడు రాళ్లు, కంకర, అక్కడక్కడ మెట్లు. సున్నపురాయి లక్షల మంది నడిచి నున్నబడింది, వాన పడితే జారుతుంది. అడుగున పట్టున్న బూట్లు, రబ్బరు మూత ఉన్న చేతికర్ర తెచ్చుకోవాలి. చెప్పులతో వద్దు.

పెద్దవాళ్లకి నేనైతే ఇలా చెప్తా: సింహద్వారం, సమాధుల వలయం, మ్యూజియం, తర్వాత అట్రియస్. అట్రియస్ దగ్గర మెట్లే లేవు, 36 మీటర్ల పొడవు దారి నేరుగా గుమ్మంలోకి తీసుకెళ్తుంది. ఈ నాలుగూ చూస్తే వాళ్లు ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. పైన ప్రాసాదం మీ ఇద్దరు చూసి రండి.

నీటితొట్టి మాత్రం మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అస్సలు కాదు. గోడ కిందుగా దిగే 99 మెట్లు, సుమారు 18 మీటర్ల లోతు, దారి మలుపులు తిరుగుతుంది. రెండో మలుపు దాటితే చీకటే, లోపల దీపాలు లేవు. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, ఇంకో చేత్తో గోడ పట్టుకోవాలి. నుదుటికి కట్టుకునే లైటు మేలు. కింది మెట్లు జారతాయి. తాడు కట్టి ఉంటే దాటొద్దు.

ఓరుగల్లు_రాయి
అసలు ఆ తొట్టి ఎందుకు కట్టారో కూడా చెప్పండి, లేకపోతే అది ఉత్త చీకటి బొరియ లాగా కనిపిస్తుంది.

మెట్లబావి
కోటలో నీళ్లు లేవు. పెర్సియా అనే ఊట కొండ బయట పైన ఉంది. క్రీ.పూ. 13వ శతాబ్దం చివర్లో గోడని ఈశాన్యం వైపు కాస్త ముందుకు జరిపారు. ఆ కొత్త గోడ కిందనుంచి సొరంగం తవ్వి గోడకి బయట, భూమి లోపల తొట్టి కట్టి, ఊట నీళ్లు మట్టి గొట్టాల్లో అక్కడికి పారించారు. బయట శత్రువుకి ఏమీ కనిపించదు, లోపలివాళ్లు మెట్లు దిగి ముంచుకుంటారు. టిరిన్స్‌లోనూ అదే సమయంలో గోడ కిందుగా నీళ్ల దగ్గరికి సొరంగాలు తవ్వారు. రెండు కోటలూ ఒకేసారి నీళ్ల గురించి ఆలోచించాయంటే ముట్టడి భయం పట్టుకుందనే చాలామంది పురావస్తువేత్తలు అంటారు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఈ రాజ్యాలన్నీ కూలిపోయాయి. ఆ మెట్లు దిగుతున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

శాసనప్రియ
సింహద్వారం దగ్గర జనం పైన సింహాలనే చూసి వెళ్లిపోతారు. కింద చూడాల్సింది చాలా ఉంది.

గుమ్మం వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్ల చొప్పున. పైదూలం బరువు 20 టన్నుల దాకా అంచనా. పైన త్రికోణంగా ఖాళీ వదిలారు, గోడ బరువంతా దూలం మధ్యలో పడకుండా రెండు పక్కలకి దిగాలని. ఆ ఖాళీని పలచటి రాతి పలకతో మూశారు, సింహాలు చెక్కింది దాని మీదే. తలలు విడిగా చేసి అతికించారు, ఇప్పుడు లేవు, అతికించిన రంధ్రాలు కనిపిస్తాయి. దూలం అడుగున, కింద గడపలో తలుపు ఇరుసు తిరిగిన గుంటలు వెతకండి. పక్క నిలువు రాళ్లలో అడ్డగడియ దూర్చిన తొర్రలున్నాయి.

ఇంకోటి. ద్వారం ముందు నిలబడి కుడి చేతి వైపు చూడండి, ముందుకు పొడుచుకొచ్చిన బురుజు. వచ్చే సైనికుడికి డాలు ఎడమ చేతిలో, కత్తి కుడి చేతిలో. డాలు లేని పక్క మీదికి పైనుంచి బాణాలు, రాళ్లు వేయడానికే దాన్ని అక్కడ కట్టారు.

గోడలపిచ్చి
శాసనప్రియ గారి దానికి ఒక చేర్పు. ద్వారం దగ్గర గోడ, కొంచెం దూరంలో గోడ ఒకేలా ఉండవు. ద్వారం చుట్టూ చదరంగా కోసిన కాంగ్లామరేట్ రాయి, అంటే గులకరాళ్లు అతుక్కున్నట్టుండే రాయి. మిగతా చోట్ల చెక్కని పెద్ద సున్నపురాళ్లు, సందుల్లో చిన్నరాళ్లు కూరారు. రాక్షసులైన సైక్లోప్స్ కట్టారని పాత గ్రీకులు చెప్పుకున్నది ఈ గోడ గురించే. మూడో రకం, పలుముఖాలుగా చెక్కి అతుకు కనపడకుండా కూర్చిన రాళ్లు. అది హెలెనిస్టిక్ కాలపు (అలెగ్జాండర్ తర్వాతి) మరమ్మతు, వెయ్యేళ్ల తర్వాతిది. గోడ చుట్టుకొలత సుమారు 900 మీటర్లు, మొదటి దశ క్రీ.పూ. 1350 ప్రాంతం, సింహద్వారం 1250 ప్రాంతం. సమాధుల వలయాన్ని గోడ లోపలికి తెచ్చుకున్నది ఆ రెండో దశలోనే.

అగమెమ్నాన్_బంధువు
అగమెమ్నాన్ బంగారు ముసుగు ఈ మ్యూజియంలోనే ఉందా?

శాసనప్రియ
లేదు. ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో, లోపలికి వెళ్లగానే ఎదురుగా ఉన్న 4వ గదిలో. మైసీనేలో ఉన్నది నకలు. జర్మన్ పురావస్తువేత్త ష్లీమాన్ 1876లో సమాధుల వలయం ఎ (కోట లోపలిది) లోని ఐదో సమాధిలో తవ్వి తీశాడు. అది క్రీ.పూ. 16వ శతాబ్దపుది. ట్రాయ్ యుద్ధం జరిగిందని చెప్పుకునే కాలానికి సుమారు మూడు వందల ఏళ్ల ముందుది. కాబట్టి అది ఆ యుద్ధం కథలోని మైసీనే రాజు అగమెమ్నాన్ ముఖం కాదు, పేరు మాత్రం నిలిచిపోయింది.

అగమెమ్నాన్_బంధువు
అయితే నా హ్యాండిల్ మార్చుకోవాలా 😀 ఏది ముందు చూడాలి, ఏథెన్స్ మ్యూజియమా, కోటా?

శాసనప్రియ
మార్చకండి, బాగుంది. మ్యూజియం ముందు. ఆ బంగారం, పొదిగిన బాకులు, యోధుల కూజా చూసి వెళ్తే సమాధి గుంటలు ఖాళీ గుంటల్లా అనిపించవు. యోధుల కూజా దొరికిన ఇల్లు వలయానికి ఆనుకునే దక్షిణాన ఉంది, చూపించొచ్చు. మంగళవారం పొద్దున ఆ మ్యూజియం మూసి ఉంటుంది, మధ్యాహ్నం తెరుస్తారు.

గోడలపిచ్చి
నేను ఒప్పుకోను. కోట ముందు చూడాలి. ఆ వస్తువులు ఏ గుంటలోంచి, ఏ కొండ మీదనుంచి వచ్చాయో కళ్లతో చూశాక అద్దాల పెట్టె ముందు నిలబడితే అరగంట చాలదు, రెండు గంటలు కదలబుద్ధి కాదు.

నాఫ్లియో_మేడ
విమానం దిగేది ఏథెన్స్‌లోనే, ఎక్కేది ఏథెన్స్‌లోనే. వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూస్తే ఇద్దరూ గెలుస్తారు.

అట్లాంటా_అత్త
అట్రియస్ ఖజానా అంటే నిధి గదా? పిల్లలు అడుగుతున్నారు.

ఓరుగల్లు_రాయి
సమాధి అత్తా. ఖజానా అన్నది తర్వాతివాళ్లు పెట్టిన పేరు. కట్టడం చూస్తే ఇంజినీర్లకి నిద్ర పట్టదు. లోపల వ్యాసం 14.5 మీటర్లు, ఎత్తు 13.5 మీటర్లు, 33 రాతి వరసలు. నిజమైన కమాను కాదు. ప్రతి వరస కిందిదానికన్నా కొంచెం లోపలికి జరిపి పేర్చారు, చివరికి పైన మూసుకుంది, తర్వాత లోపలి అంచులు చెక్కి నున్నగా చేశారు. బయటి నుంచి మట్టి దిబ్బ ఒత్తిడి రాళ్లని లోపలికి బిగిస్తుంది. అందుకే ఇంతకాలం నిలబడింది. గుమ్మం లోపలి దూలం ఒక్కటే 120 టన్నుల దాకా అంచనా. రోమన్లు పెద్ద గుమ్మటాలు కట్టేదాకా, వెయ్యేళ్లకు పైగా, ఇంత వెడల్పు గుమ్మటం ఇంకెక్కడా లేదు.

సరిగ్గా నడిమధ్య నిలబడి ఒక్క చప్పట్లు కొట్టమనండి పిల్లల్ని. గోల్కొండ ఫతే దర్వాజా చప్పట్లు విన్నవాళ్లకి తేడా తెలుస్తుంది. అక్కడ శబ్దం దూరం పోతుంది, ఇక్కడ మీ చుట్టూనే తిరిగి మీదికే వస్తుంది. పక్క గది కొండలో తొలిచినది, చీకటి, లైటు వేసి చూడండి. గోడల మీద చిన్న రంధ్రాలు కంచు అలంకారాలు బిగించినవి. ముఖద్వారం ఆకుపచ్చ రాతి స్తంభాల ముక్కలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి చోటు ఖాళీగా చూస్తుంటే బాధేస్తుంది.

మెట్లబావి
అదే పద్ధతిలో కట్టిన సమాధులు మైసీనేలో మొత్తం తొమ్మిది. టికెట్ గేటు లోపలే, కోట గోడ బయట మరో మూడు చూడొచ్చు: క్లైటెమ్నెస్త్రా, ఏగిస్థస్, సింహాల సమాధి. ఏగిస్థస్‌ది ఈ మూడింట్లో పాతది, పైకప్పు కూలింది, చిన్న రాళ్లతో కట్టింది. అది చూసి, తర్వాత క్లైటెమ్నెస్త్రా చూస్తే రెండు మూడు శతాబ్దాల్లో రాతిపని ఎంత నేర్చుకున్నారో అర్థమవుతుంది. దాదాపు అందరూ నేరుగా ద్వారానికి పోతారు, ఇవి వదిలేస్తారు. క్లైటెమ్నెస్త్రా పక్కనే సమాధుల వలయం బి, 1951లో బయటపడింది, ఎ కన్నా పాతది.

శాసనప్రియ
దాని పక్కనే రోడ్డు వైపు నూనె వర్తకుడి ఇల్లు, డాళ్ల ఇల్లు, స్ఫింక్స్‌ల ఇల్లు అనే పునాదులు. చూడటానికి మోకాలెత్తు గోడలే, కానీ లీనియర్ బి అనే పాత లిపిలో రాసిన మట్టి పలకలు దొరికింది ఇక్కడే. మంటల్లో ఇల్లు తగలబడితే పచ్చి మట్టి పలకలు కాలి గట్టిపడ్డాయి, అందుకే మనదాకా వచ్చాయి. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపి చదివి, అది గ్రీకు భాషే అని తేల్చాడు.

కృష్ణాతీరం
పైన ప్రాసాదంలో ఏం చూడాలి? ఫొటోల్లో ఉత్త నేలే కనిపిస్తోంది.

గోడలపిచ్చి
నిజమే, నేలే. అందుకే ప్లాన్ కాగితం చేతిలో ఉండాలి. ముంగిలి, అరుగు, నడిగది, తర్వాత మెగరాన్ అనే సభామందిరం. మధ్యలో గుండ్రటి పొయ్యి, చుట్టూ నాలుగు చెక్క స్తంభాల రాతి పీఠాలు. పొయ్యి కొంతే మిగిలింది. సింహాసనం దక్షిణ గోడ పక్కన ఉండేదని ఊహ. ఆ దక్షిణపు మూల మొత్తం పక్కనున్న ఖావోస్ లోయలోకి జారిపోయింది, ఇప్పుడున్నది పునరుద్ధరణ. ఆ అంచు దగ్గర జాగ్రత్త, గాలి బలంగా ఉంటుంది. ఇక్కడే టిరిన్స్ ఉపయోగపడేది. అక్కడ మెగరాన్ ఇంకా మెరుగ్గా మిగిలింది, సింహాసనం చోటు కూడా తెలుస్తుంది. మైసీనేలో పోయింది అక్కడ కళ్లకి కడుతుంది. టిరిన్స్ గుట్ట చాలా పొట్టిది, పెద్దవాళ్లకి కూడా సులువే. గోడ మందం కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా, లోపల రాతి నడవలు, వాటిలో గొర్రెల మందలు దూరి దూరి రాళ్లు నున్నగా మెరుస్తున్నాయి.

ప్రాసాదం నుంచి కిందికి చూడండి. అర్గోస్ మైదానం, దూరంగా సముద్రం. ఎవరొస్తున్నా ముందే తెలిసిపోతుంది. కోట ఇక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

బస్సుకిటికీ
టికెట్ ఒక్కటే, కోట, మ్యూజియం, అట్రియస్ మూడింటికీ. అట్రియస్ గేటు దగ్గర మళ్లీ చూపించాలి, పారేయకండి. ధర ఈమధ్య మారింది, ప్రభుత్వ ఈ-టికెట్ సైటులోనే చూసి కొనండి. 65 దాటినవాళ్ల రాయితీ ఐరోపా యూనియన్ పౌరులకే. అక్టోబర్ 28 ఉచితం, మీరు అప్పటికి ఉండరనుకుంటా. వేసవిలో పొద్దున 8 నుంచి రాత్రి 8, సెప్టెంబర్ నుంచి పొద్దు గుంకే టైంతో పాటు ముందుకి జరుపుతూ వస్తారు. వెళ్లే వారం మళ్లీ చూసుకోండి.

నాఫ్లియో_మేడ
8కే గేటు దగ్గరుండండి. ఏథెన్స్ టూర్ బస్సులు 10 ప్రాంతంలో మొదలవుతాయి, ఆ తర్వాత సింహద్వారం ముందు మనుషులు తప్ప రాయి కనిపించదు. కొండ మీద ఎక్కడా నీడ లేదు. జులై, ఆగస్టు వడగాలి రోజుల్లో ఏథెన్స్ అక్రోపోలిస్‌నే మధ్యాహ్నం మూసేసిన సందర్భాలున్నాయి. అక్టోబర్‌లో ఆ బెడద లేదు, కానీ టోపీ, మనిషికి లీటరు నీళ్లు ఉండాలి.

అట్లాంటా_అత్త
శాకాహారం దొరుకుతుందా అక్కడ?

నాఫ్లియో_మేడ
కింద మికీనెస్ ఊళ్లో హోటళ్లున్నాయి. జిగాంతెస్ అంటే టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, బ్రియామ్ అంటే ఓవెన్‌లో కాల్చిన కూరగాయలు, ఫావా అంటే ముద్దపప్పు లాంటిది. గెమిస్తా అడిగితే లోపల కీమా లేదని అడిగి మరీ తీసుకోండి, రెండు రకాలూ చేస్తారు.

శాసనప్రియ
నేల మీద కుండ పెంకులు కనిపిస్తాయి. పిల్లలు జేబులో వేసుకుంటారు, చూసుకోండి. చిన్న ముక్క అయినా తీసుకెళ్లడం గ్రీకు పురావస్తు చట్టం ప్రకారం నేరం, ఎయిర్‌పోర్టులో దొరికితే కేసే. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. సిగరెట్ అసలే వద్దు. 2020 ఆగస్టు 30న కార్చిచ్చు కోట ప్రాంగణంలోకి వచ్చి ఎండు గడ్డి తగలబడింది, మ్యూజియం అదృష్టవశాత్తూ దెబ్బతినలేదు.

కృష్ణాతీరం
టూర్ రద్దు చేశాం. మొదటి రోజు పొద్దున 6కి ఏథెన్స్ నుంచి కారులో, 8కి గేటు, పెద్దవాళ్లు ద్వారం, వలయం, మ్యూజియం, మేం పైకి. 11:30కి అట్రియస్, ఊళ్లో భోజనం, మధ్యాహ్నం టిరిన్స్, రాత్రి నాఫ్లియో. రెండో రోజు ఎపిడారస్. ఏమైనా మార్చాలా?

మెట్లబావి
ఒక్కటే. 8కి మొదట అట్రియస్ చూడండి, కోట తర్వాత. దారి మీదే వస్తుంది, ఆ టైంలో లోపల మీ నలుగురే ఉంటారు, చప్పట్లు కొట్టినా ఎవరూ అడ్డు రారు. బస్సులు మామూలుగా ముందు కోటకే వెళ్లి, దిగేటప్పుడు అట్రియస్ దగ్గర ఆగుతాయి. 11:30 అంటే అవన్నీ అక్కడే ఉండే టైం.

స్టీరింగ్_నాదే
అట్రియస్ దగ్గర కారు ఆపే చోటు చిన్నది, 8కి అయితే దొరుకుతుంది. కోట పార్కింగ్ పెద్దది, దాని గురించి చింత లేదు. కారులో బ్యాగులు బయటికి కనపడేలా వదలకండి, డిక్కీలో పెట్టేయండి.